ఉపాధ్యాయులును ఎన్నికలును

"బ్రతుకలేక బడిపంతులు" అను సామెతను మనవారు ఎప్పుడు కల్పించిరో కాని, అది నేటికిని చావలేదు. వేరొక వృత్తిలో పొట్ట పోసికొనలేనివాడే పలకా బలపములను ఆశ్రయించునని దాని భావము. ఈ సామెత పుట్టిన దేశముననే గురువును త్రిమూర్తులతో సమానముగా కీర్తించుటయు కలదు. ఏటేట సెప్టెంబరు 5వ తేదీన పూలదండలు వేయుటయు కలదు. దండ వేయునాడు గురువు, జీతమడుగునాడు బడిపంతులు; ఇది మన లోకరీతి. అట్టి పంతులు ఒకనాడు లేచి, "నేను శాసనసభకు నిలిచెదను" అన్నచో నలుగురును ఏమందురు? పాఠములు చెప్పుకొనక ఈయనకీ గొడవ యెందులకని పెదవి విరుతురు. ఆ పెదవి విరుపులో కొంత న్యాయమున్నది. కొంత అన్యాయమును ఉన్నది. ఈ రెంటిని వేఱుపఱచి చూచుటయే మా యీ వ్యాసమునకు ఉద్దేశము.

విషయము గాలిలో తేలిపోకుండ, ముందుగా ఒక పంతులమ్మ చరిత్రమును పాఠకుల యెదుట నుంచెదము. ఆమె మన దేశపు స్త్రీ కాదు. అయినను ఆమె కథలో మనకు తెలియని ఘట్టమొక్కటియు లేదు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున వాటర్‌బరీ యను పట్టణము కలదు. ఒకప్పుడు ఆ దేశపు ఇత్తడి పరిశ్రమకు అది పట్టుకొమ్మ. దానికి ఇత్తడి నగరమనియే మారుపేరు. గుండీలు, గడియారములు అచటి కార్ఖానాలనుండి దేశదేశములకు పోయెడివి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ కార్ఖానాలు ఒకటి వెంట నొకటిగా మూతపడెను. పని పోయిన పట్టణమున మిగులునవి ఎవ్వరికిని క్రొత్త కావు: తలుపులు బిగించిన షెడ్లు, అద్దె కట్టుకొనలేని సంసారములు, మత్తు పదార్థముల బేరము, ఆకలితో బడికి వచ్చు పిల్లలు.

శ్రీమతి జహానా హేస్ 1973లో జన్మించి ఆ పట్టణముననే పెరిగిరి. పేదలకై ప్రభుత్వము కట్టించిన ఇండ్ల వాడలో అవ్వ ఆమెను సాకినది. తల్లి మత్తు పదార్థముల వాత పడినది. పదునేడేండ్ల ప్రాయమున, చదువు ముగియకమునుపే, ఆమె స్వయముగా తల్లి కావలసివచ్చెను. అట్టి బాలికను గూర్చి ఏ దేశమునందైనను ఊరివారు చెప్పు జోస్యమొక్కటియే. ఆమె విషయమున ఆ జోస్యము తప్పినది. పని చేసికొనుచునే ఆమె తమ ప్రాంతపు కమ్యూనిటీ కళాశాలలో చేరి, పిదప విశ్వవిద్యాలయ పట్టమును పొంది, తాము పెరిగిన వాటర్‌బరీ పట్టణముననే జాన్ ఎఫ్. కెనడీ ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించు ఉపాధ్యాయినియైరి. పిల్లలను వెంటబెట్టుకొనిపోయి పేదలకు ఇండ్లు కట్టు పనిలో వారిచేత చేయి వేయించుట ఆమె బోధనలో ఒక భాగము. పుచ్చుకొనువారుగానే లోకము చూచు పిల్లలకు, ఇచ్చుటయు తమకు చేతనగునని తెలియవలెనని ఆమె తలపు. 2016లో ఆ దేశపు జాతీయ ఉత్తమోపాధ్యాయ గౌరవము ఆమెను వరించెను. అధ్యక్షుడు ఒబామా శ్వేతభవనమున ఆమెను సన్మానించిరి.

ఇంతవఱకు ఇది సన్మానపు కథ. ఇట్టివి మన పత్రికలలోను అప్పుడప్పుడు వచ్చును. శాలువ కప్పుదురు, ఫోటో తీయుదురు, మఱునాడు పంతులమ్మ హాజరుపట్టీ పుచ్చుకొని తరగతికి పోవును. శ్రీమతి హేస్ కథ అచట ఆగలేదు. 2018లో కనెక్టికట్ అయిదవ నియోజకవర్గమునకు ప్రతినిధిగా నున్నవారు మరల పోటీ చేయుట లేదని ప్రకటింపగా, డెమొక్రాటిక్ పక్షమున ఆ స్థానమునకు ఆమె నిలిచిరి. అప్పటికామె ఆ పట్టణపు పాఠశాలలలోనే ఉపాధ్యాయుల శిక్షణకు సంబంధించిన ఉద్యోగమున నుండిరి. అంతకుమునుపు ఆమె ఏ పదవికిని పోటీ చేసినవారు కారు. ఎదుటనున్నది స్థానిక పరిపాలనలో చిరకాలానుభవముగల మేరీ గ్లాస్మన్. మే నెలలో జరిగిన పక్షమహాసభలో స్వల్పమైన తేడాతో గ్లాస్మనుకే పక్షపు ఆమోదము లభించెను. అంతటితో ఇంటికి పోయియుండవచ్చును. పోక, ఆగస్టు 14వ తేదీన పక్షమువారి వోటర్లయెదుట నిలిచి, నూటికి అఱువదికి పైగా వోట్లతో గెలిచిరి. నవంబరు ఎన్నికలోను గెలిచి, 2019 జనవరిలో ప్రతినిధి సభలో ప్రమాణము చేసిరి. కనెక్టికట్ రాష్ట్రమునుండి ఆ సభకు ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ ఆమెయే.

ఆమె ఎందులకు నిలిచిరి? తమ విద్యార్థులే తమకు ప్రేరణయని ఆమె పలుమార్లు చెప్పియున్నారు. ఎన్నికల వేళ అభ్యర్థులు చెప్పు మాటలను యథాతథముగా నమ్మవలసిన అగత్యము లేదు. న్యాయవాద వృత్తి మాకు నేర్పిన మొదటి పాఠమిదియే. అయినను ఈ మాటలో ఒక తర్కము కలదు, దానిని పరిశీలింపవలెను. చరిత్ర బోధించు ఉపాధ్యాయిని తరగతిలో ఏమి చెప్పును? ప్రభుత్వము ప్రజలదనియు, ఏ వాడలో పుట్టినవారైనను రాజ్యభారము వహింపవచ్చుననియు పుస్తకములో వ్రాసియున్నదానిని చెప్పును. పిల్లలు వినుచునే కిటికీలోనుండి తమ వాడను చూతురు. ఆ వాడనుండి ఎవ్వరును ఎక్కడికిని పోలేదని వారికి తెలియును. అప్పుడు పుస్తకము అబద్ధమైనను కావలెను, ఎవరైనను ఒకరు పోయి చూపవలెను. అట్టి పిల్లల ఆశ ఉపాధ్యాయునికి పూలదండ కాదు, అప్పుపత్రము. తాను చెప్పిన పాఠమునకు తానే జామీను. ఆ జామీను చెల్లించుటకై బయలుదేఱిన పంతులమ్మను చూచి నవ్వుట తగదు.

అయితే ఆశ ఒకసారి గెలిపించినంత మాత్రమున శాశ్వతముగా మోయదు. శ్రీమతి హేస్ 2020లో మరల గెలిచిరి. 2022లో మాత్రము సుమారు 2 వేల వోట్ల తేడాతో బయటపడిరి. 2024లో అదే ప్రత్యర్థిపై కొంత మెఱుగైన ఆధిక్యముతో నెగ్గిరి. సభలో కూర్చున్న పిమ్మట పంతులమ్మయు తక్కినవారివలెనే తూనికకు లోబడవలసినదే. ఇది యుక్తమే. పరీక్షలు పెట్టువారికి పరీక్షలుండరాదనుట ఎట్లు?

ఆ 2018 సంవత్సరము అమెరికాలో ఉపాధ్యాయులకు సామాన్యమైన సంవత్సరము కాదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమునందలి 55 కౌంటీలలోను బడులు మూసి ఉపాధ్యాయులు సమ్మె చేసి, నూటికి 5 వంతుల జీతపు పెంపు సాధించిరి. ఏప్రిల్‌లో ఓక్లహోమా ఉపాధ్యాయులు బయటికి వచ్చిరి. అట్టలూడి పుటలు చినిగిన పాఠ్యపుస్తకముల ఛాయాచిత్రములను అప్పుడు లోకమంతయు చూచినది. ధనము చాలక వారమునకు 4 దినములే బడి నడపు ఊళ్లు ఆ రాష్ట్రమున పెక్కుండెను. ఆరిజోనాలోను అట్లే జరిగెను. ఆయా రాష్ట్రములలో ఉపాధ్యాయులు కొందఱు సమ్మె పందిరినుండి నేరుగా నామినేషను కచేరీకి నడచిరి.

వీనిలో కెంటకీ రాష్ట్రపు వృత్తాంతము మావంటి న్యాయవాదులకు మిక్కిలి రుచించునది. ఉపాధ్యాయుల పింఛనులను మార్చు శాసనమొకటి ఆ రాష్ట్ర శాసనసభలో 2018 మార్చి నెలలో వచ్చెను. దానిని ప్రత్యేకముగా ప్రవేశపెట్టలేదు. మురుగునీటి పారుదలకు సంబంధించిన బిల్లు ఒకటి సభలో నుండగా, దాని లోపలి భాగమును తీసివేసి, పింఛనుల విషయమును అందులో దూర్చి, కొన్ని గంటలలో ఆమోదింపజేసిరి. ఆ శాసనరచనలో పాల్గొన్న సభానాయకుడు జొనాథన్ షెల్‌పై, మే నెలలో రిపబ్లికన్ పక్షపు ప్రాథమిక ఎన్నికలో ట్రావిస్ బ్రెండా యను లెక్కల పంతులు నిలిచి, 123 వోట్ల తేడాతో ఆయనను ఓడించెను. డిసెంబరులో కెంటకీ అత్యున్నత న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసినది. బిల్లును ఒక్కొక్క సభలో మూడు దినములందు మూడుసార్లు చదువవలెనను రాజ్యాంగ నియమమును పాటింపలేదని తీర్పు. మూడుసార్లు చదువవలెనని పిల్లలకు చెప్పు పంతులుకు ఇంతకంటె తృప్తినిచ్చు తీర్పుండునా? పక్షములు వేఱైనను వాటర్‌బరీ పంతులమ్మయు, కెంటకీ పంతులును ఒక్కటే చూపిరి: బడి వ్యవహారము బడిలో తేలదు, శాసనసభలో తేలును.

ఇక ఉపాధ్యాయుడు అధికారమునకు వచ్చినంతనే సర్వము శుభమగునని చెప్పుటకు మేము సాహసింపము. అందులకును అమెరికాయే సాక్ష్యము. 1928లో టెక్సాసు రాష్ట్రమున మెక్సికో సరిహద్దునకు దాపుననున్న కొటుల్లా యను చిన్న ఊరిలో, కళాశాల చదువునకు డబ్బు చాలక, లిండన్ జాన్సన్ యను ఇరువదేండ్ల యువకుడు బడిపంతులుగా చేరెను. పిల్లలందఱును మెక్సికన్ కూలీల బిడ్డలు. పలువురు ఆకలితోనే బడికి వచ్చువారు. ఆయన మొదటి జీతముతో వారికి ఆటవస్తువులు కొనిపెట్టెను. ఆ పంతులు 1937లో ప్రతినిధి సభకు, 1948లో సెనేటుకు ఎన్నికై, 1963లో దేశాధ్యక్షుడయ్యెను. 1965 మార్చి 15వ తేదీన నల్లజాతివారి వోటు హక్కును గూర్చి ఉభయసభల యెదుట మాటలాడుచు, కొటుల్లా పిల్లలను ఆయన తలచుకొనెను. వారి పిల్లలకు మేలుచేయు అవకాశము తనకు వచ్చుననుకొనలేదనియు, వచ్చినందున దానిని వినియోగించెదననియు ఆయన చెప్పిన దాని సారాంశము. చెప్పినట్లే ఆగస్టులో వోటుహక్కు శాసనముపై సంతకము చేసెను. అంతకుముందు ఏప్రిల్‌లో బడులకు కేంద్రధనమిచ్చు శాసనముపై తన చిన్ననాటి ఊరిలో, తనకు అక్షరములు నేర్పిన ఉపాధ్యాయినిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని సంతకము చేసెను. నవంబరులో ఉన్నతవిద్యా శాసనముపై తాను చదివిన కళాశాలలో సంతకము చేసెను.

ఇట్టి ఏడాది ఏ పంతులుకు దక్కినది? కాని అదే 1965 జూలైలో అదే చేయి వియత్నాముకు సేనను 1,25,000కు పెంచుటకును, నెలకు 17,000గా నున్న నిర్బంధ సైనికుల చేరికను 35,000 చేయుటకును ఉత్తరువిచ్చెను. బడి విడిచిన పిల్లలే ఆ పట్టీలోని పేర్లు. పిల్లల ఆశ పంతులును అధికారమువఱకు చేర్చగలదు; అధికారములో ఆయనను కాపాడుట దాని చేతిలో లేదు. ఇది మఱువరాదు. మఱువకయే, కొటుల్లా పిల్లలను చూడనివాడు ఆ మూడు శాసనములను అంత పట్టుదలతో నెగ్గించి యుండునా యని కూడ ప్రశ్నించుకొనవలెను. మా అభిప్రాయమున నెగ్గించి యుండడు.

ఇక మన యింటికి వత్తము. తెలుగువారిలో విద్యాపీఠమునుండి రాజకీయములలోనికి నడచినవారు లేకపోలేదు. చిత్తూరు ప్రాంతపు కట్టమంచి రామలింగారెడ్డిగారు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగను, ఆ సంస్థానపు విద్యాశాఖాధికారిగను ఉండి, ఆ కొలువు విడిచి చెన్నపట్టణపు శాసనసభలో ప్రవేశించిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి వైస్‌చాన్సలరైరి. 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఆ పదవి విడిచిరి. 1936లో మరల దానినే స్వీకరించిరి. బడినుండి సభకు, సభనుండి బడికి రాకపోకలుండుట ఆయనకు సాధ్యమైనది. నడుమ ఆ పీఠమునలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు తిరుత్తణిలో పుట్టిన తెలుగువారు. 1921లో ఆయన మైసూరు విడిచి కలకత్తాకు పోవునపుడు విద్యార్థులు బండి గుఱ్ఱములను విప్పి, తామే లాగి స్టేషనుకు చేర్చిరి. ఆయన 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయిరి. కాని ఆ విద్యార్థుల బండి వోట్ల బండి కాదు. వీధివీధి తిరిగి వోట్లడుగవలసిన ఎన్నికలో ఆయన నిలువవలసి రాలేదు. వీరిరువురును మహాపండితులు, ఆచార్యులు. మేమడుగునది పల్లెటూరి బడిపంతులును గూర్చి.

ఆ పంతులు స్థితి ఇది. ప్రభుత్వ పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయుడు ప్రభుత్వ సేవకుడు. రాజ్యాంగములోని 102, 191 అధికరణముల ననుసరించి ప్రభుత్వముక్రింద లాభదాయకమైన పదవిలో నున్నవాడు పార్లమెంటునకు గాని, శాసనసభకు గాని అర్హుడు కాడు. సేవానియమములును రాజకీయములలో పాల్గొనుటను నిషేధించును. కావున నిలువగోరినచో ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి నిలువవలెను. ఓడినచో మరల చేర్చుకొనుడని కోరు హక్కు లేదు. ఇరువది సంవత్సరముల సర్వీసు, ఇంటిల్లిపాది అన్నము, ఒక్క నామినేషను కాగితముపై పందెము పెట్టవలెను. విశ్వవిద్యాలయపు ఆచార్యులకు కొన్నిచోట్ల సెలవుపై పోటీచేయు వెసులుబాటున్నది. పల్లెటూరి పంతులుకు లేదు.

దీనిలోని వింత చూడుడు. మన ఎన్నికలను నడపువారెవరు? వోటర్ల పట్టీ పట్టుకొని ఇల్లిల్లు తిరుగునది పంతులు. ఎన్నికల ముందటి దినమున వోటింగు యంత్రమును మోసికొని, బస్సు పోని ఊరికి నడచిపోయి, రాత్రి ఆ బడిలోనే పండుకొని, తెల్లవారి వరుస నిలుపునది పంతులమ్మ. 2009నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయులచేత చదువుకు సంబంధింపని పనులు చేయింపరాదని 27వ సెక్షనులో చెప్పుచునే, జనాభా లెక్కలను, విపత్తు సహాయమును, ఎన్నికల పనిని మినహాయించినది. అనగా ఎన్నికలకై బడి మానుట చట్టసమ్మతము. ఎన్నికలలో నిలుచుటకై బడి మానుట ఉద్యోగభంగము. యంత్రమును మోయు చేతులు నమ్మదగినవే గాని, ఆ యంత్రముపై పేరుండుటకు తగినవి కావన్నమాట.

దీనికి సమాధానముగా కొందఱు రాజ్యాంగములోని 171వ అధికరణమును చూపుదురు. విధానపరిషత్తులున్న రాష్ట్రములలో పన్నెండవ వంతు స్థానములు ఉపాధ్యాయుల వోట్లతో నిండవలెనని అందున్నది. కర్ణాటకలోను, మహారాష్ట్రలోను అట్టివి ఏడేసి, ఆంధ్రప్రదేశ్‌లో 5, తెలంగాణమున 3. వినుటకు బాగున్నది. కాని వోటు ఎవరిది? సెకండరీ పాఠశాలకు తక్కువ కాని విద్యాసంస్థలో మూడు సంవత్సరములు బోధించినవారిది. అ, ఆలు దిద్దించు ప్రాథమికోపాధ్యాయునికి ఆ వోటు లేదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులను ఒక్క గదిలో కూర్చుండబెట్టుకొను పంతులు రాజ్యాంగపు లెక్కలో ఉపాధ్యాయుడు కాడు.

పోనీ అభ్యర్థియైనను ఉపాధ్యాయుడై యుండవలెనా? అదియు అక్కఱలేదు. చెన్నపట్టణపు పట్టభద్రుల స్థానమునకు పట్టము లేని వ్యక్తి ఎన్నికగా, ఆ వివాదము సుప్రీముకోర్టుకు పోయినది. పట్టభద్రులు వోటర్లుగా నుండవలెననియే రాజ్యాంగము చెప్పినది గాని, అభ్యర్థి పట్టభద్రుడై యుండవలెనని చెప్పలేదని నారాయణస్వామి, పన్నీరుసెల్వముల వ్యాజ్యమున 1972లో తీర్పు వచ్చెను. వ్రాసియున్న శాసనమునకు ఆ అర్థము సరియైనదే. తీర్పును మేము తప్పుపట్టము. ఆ తర్కమే ఉపాధ్యాయ స్థానములకును వర్తించును. కావున పేరు ఉపాధ్యాయ స్థానమైనను, దానిలో ఎవరైనను కూర్చుండవచ్చును. కొలువులోనున్న సర్కారు పంతులు మాత్రము రాజీనామా ఈయక కూర్చుండరాదు.

స్వరాష్ట్రమునకు వెలుపలనున్న తెలుగువారికి ఈ విషయము మఱింత ముఖ్యము. ఒడిషాలో విధానపరిషత్తే లేదు. యానాము చేరియున్న పుదుచ్చేరిలో లేదు. తమిళనాట 1986లో రద్దయినది. బరంపురమున, బళ్లారిలో, హొసూరులో, షోలాపురమున తెలుగు పలుకు పిల్లవానికి మాతృభాషలో ప్రాథమికవిద్య లభింపజేయవలెనని 1956లో చేర్చిన 350ఏ అధికరణము రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఆ ఆదేశము అమలగుచున్నదో లేదో ప్రతిదినము చూచువాడు ఆ బడిలోని పంతులొక్కడే. తరగతిలో పిల్లలు ఏటేట ఎందఱు తగ్గుచున్నారో, పుస్తకములు ఏ నెలలో వచ్చినవో, ఖాళీయైన తెలుగు పండితుని ఉద్యోగము నింపిరో లేదో ఆయనకే తెలియును. తమిళనాట 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యాంశముగా చేయు చట్టము వచ్చెను. అది ఏటికొక్క తరగతి చొప్పున ప్రాకి 2016 నాటికి పదవ తరగతిని చేరినప్పుడు, తెలుగు మొదలగు అల్పసంఖ్యాక భాషల పిల్లలు పరీక్షలో మినహాయింపుకై న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చెను. రాష్ట్రభాష నేర్చుకొనరాదని వారనలేదు; తమ భాషలో వ్రాయనిండని మాత్రమే కోరిరి. ఆ పదేండ్లలో తరగతి తరగతికి చేరువగుచున్న చిక్కును మొట్టమొదట గమనించినవారు ఉపాధ్యాయులు. సభలో లేచి చెప్పుటకు మాత్రము వారికి వీలులేదు. సభలో చెప్పవలసినది కోర్టులో చెప్పవలసివచ్చుట న్యాయవాదులకు లాభమే గాని ప్రజాస్వామ్యమునకు కాదు.

ఇక ఎదుటి వాదమును వినవలెను. పంతులు రాజకీయములలో దిగినచో తరగతి వేదికయగును. పిల్లలు జెండాలు మోయు కూలీలగుదురు. ఒక పక్షపు పంతులు రెండవ పక్షమువారి పిల్లవానికి మార్కులు తగ్గించెననుమానము వచ్చినను బడి చెడును. పిల్లవాడు తరగతిలోనుండి లేచిపోజాలడు. కావున అచట చెప్పు రాజకీయము ఉపన్యాసము కాదు, నిర్బంధము. మఱియు ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులు ప్రచారమునకు పోయినచో బడికి తాళమే. ఈ ఆక్షేపణలు తేలికైనవి కావు. పెదవి విరుపులో కొంత న్యాయమున్నదని మొదటనే అంటిమి, అది ఇదియే. పిల్లల ఆశ ఋణమని మేమంటిమి. ఋణము తీర్చువాడు అప్పిచ్చినవానిచేతనే మూట మోయించుట న్యాయము కాదు.

కాని ఈ దోషములకు మందు నిషేధమా, నియమమా అనునది ప్రశ్న. ఫ్రాన్సు దేశము నియమమును ఎన్నుకొన్నది. అచట ప్రభుత్వోపాధ్యాయుడు పార్లమెంటునకు నిలువవచ్చును. ఎన్నికైనచో పదవీకాలమంతయు అతనిని బోధననుండి తప్పించి ఉంచి, పిదప మరల కొలువులో చేర్చుకొందురు. లియాన్ నగరమున పాఠము చెప్పిన ఎదువార్ ఎరియో ఆ నగరమునకు మేయరై, 1924లో ఆ దేశమునకు ప్రధానమంత్రియయ్యెను. ఆ కాలపు ఫ్రాన్సును పంతుళ్ల రిపబ్లిక్కని కొందఱు ఎకసక్కెమాడిరి. ఆ రిపబ్లిక్కులో బడులు మాత్రము మూతపడలేదు. 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలోనుండిన యానాము తెలుగువారికి ఆ దేశపు పద్ధతులు బొత్తిగా పరాయివి కావు.

మా సూచనలు మూడే. మొదటిది: ప్రభుత్వోపాధ్యాయుడు శాసనసభకు నిలువగోరినచో, నామినేషను దినమునుండి జీతము లేని సెలవు తప్పనిసరిగా ఇచ్చి, ఓడినచో కొలువునకును, గెలిచినచో పదవీకాలము ముగిసిన పిమ్మట కొలువునకును మరలివచ్చు హక్కు నీయవలెను. ఏయే పదవులు అనర్హత కలిగింపవో శాసనముచే నిర్ణయించు అధికారము 102, 191 అధికరణములలోనే పార్లమెంటునకును, రాష్ట్ర శాసనసభలకును కలదు. రాజ్యాంగమును సవరింపవలసిన పని లేదు. రెండవది: ఆ సెలవుకాలమున ఆ బడికి మఱియొక పంతులును పంపుట ప్రభుత్వమునకు విధి కావలెను, పిల్లలను ప్రచారమునకు వాడినవానికి తిరిగివచ్చు హక్కు పోవలెను. మూడవది: ఉపాధ్యాయ స్థానములుండువఱకు ప్రాథమికోపాధ్యాయునికిని వోటుండవలెను. ఇందులకు మాత్రము రాజ్యాంగమును సవరింపవలసియుండును.

ఇవి జరిగినంతనే ఉత్తమోపాధ్యాయులందఱు సభలలో కూర్చుందురని మా భ్రమ కాదు. పెక్కుమంది నిలువరు, నిలిచినవారిలో పెక్కుమంది ఓడుదురు. డబ్బు, కులము, పక్షపు టిక్కెట్టు అను మూడు గోడలు ఎట్లును ఉన్నవి. ప్రభుత్వము తన చేతులతో నాలుగవ గోడ కట్టవలదని మాత్రమే మా విన్నపము. ఓడిన పంతులు మఱుసటి సోమవారమున బడికి వచ్చి, అదే నల్లబల్ల యెదుట నిలిచి, ప్రభుత్వము ప్రజలదని మరల చెప్పగలిగినచో, పిల్లలు ఆ పాఠమును ఇదివఱకటికంటె శ్రద్ధగా విందురు. ఓడినందుకు ఉద్యోగము పోయి, ఆయన ఊరు విడిచిపోయినచో, వారు నేర్చుకొను పాఠము వేఱు. పిల్లలకు ఈ రెండు పాఠములలో దేనిని చెప్పవలెనో ప్రభుత్వములును, ఉపాధ్యాయ సంఘములును ఆలోచింతురుగాక.